కంప్యూటర్ మెమరీ గుర్తింపు సమస్య: చిరునామా పరిమితుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటరుకు అదనంగా అమర్చిన మెమరీని యంత్రం పూర్తిగా చూపకపోతే దానిని పరికర లోపంగానో, అమ్మినవారి మోసంగానో భావించడం పరిపాటి. 1959 నుంచి నేటి వరకు కంప్యూటర్ నిర్మాణ చరిత్రను పరిశీలిస్తే, చాలా సందర్భాలలో లోపించింది మెమరీ కాదని, దానిని చేరే చిరునామా అని తెలుస్తుంది. కొన్నిచోట్ల ఆ చిరునామాను నిరాకరించింది సాంకేతికత కాదు, వ్యాపార నిర్ణయం. ఈ రెండింటి మధ్య తేడాను నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మెమరీ, చిరునామా, చిప్‌సెట్, ఆపరేటింగ్ సిస్టమ్, ఇ.సి.ఐ.ఎల్., వరంగల్లు.

1. ఉపోద్ఘాతం

1959 అక్టోబర్ 10న వరంగల్లులో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలో ఆ కోవకు చెందిన కళాశాలలలో అది మొదటిది. దానికి ఐదు రోజుల ముందు, అక్టోబర్ 5న, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థ 1401 అనే కంప్యూటరును ప్రకటించింది. ఈ రెండు ఘటనలకూ సంబంధం లేదు, తేదీలు దగ్గరపడడం కేవలం యాదృచ్ఛికం. అయినా 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన ఆ కళాశాల వయసూ, ఇక్కడ చర్చించే సమస్య వయసూ దాదాపు ఒకటే కావడం గమనించదగినది.

సమస్య రూపం అందరికీ తెలిసినదే. కళాశాల ప్రయోగశాలలోని కంప్యూటరులో రెండు గిగాబైట్ల మెమరీ ఉంది. మరో రెండు గిగాబైట్లు కొని అమర్చారు. స్టాకు రిజిస్టరులో నాలుగని రాశారు. తెర మాత్రం 3.25 అని చూపుతుంది. మిగిలిన ముప్పావు గిగాబైటుకు జవాబు చెప్పవలసిన బాధ్యత ప్రయోగశాల అధ్యాపకుడిపైనో, సరుకు ఇచ్చిన దుకాణదారుపైనో పడుతుంది. ఎవరూ ఏమీ తీయలేదు. అయినా తనిఖీకి వచ్చినవారి ముందు రెండు అంకెలు రెండు కథలు చెబుతాయి.

వరంగల్లు ప్రాంత రైతుకు ఈ తేడా కొత్తది కాదు. పాఖాల, రామప్ప, లక్నవరం వంటి కాకతీయుల కాలపు చెరువులలో నిలిచిన నీరంతా పొలానికి రాదు. తూము అడుగుమట్టానికి దిగువన ఉన్న నీరు చెరువులోనే ఉంటుంది. చెరువు లోతు ఎంతైనా ఆయకట్టుకు అందే నీటిని నిర్ణయించేది తూము మట్టం. కంప్యూటరులో మెమరీ చెరువు అయితే చిరునామా తూము. మెమరీలోని ప్రతి గడికి ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను పలకగలిగినప్పుడే ప్రాసెసరు ఆ గడిలో రాయగలదు, చదవగలదు.

2. మూడక్షరాల చిరునామా నుంచి పదహారు బిట్ల వరకు

1401 యంత్రంలో చిరునామాకు కేటాయించినవి మూడు అక్షరస్థానాలు. మూడు అంకెలతో 000 నుంచి 999 వరకు వెయ్యి గడులను మాత్రమే పేర్కొనవచ్చు. యంత్రాన్ని 1,400 అక్షరాల మెమరీతో మొదలుపెట్టి 4,000 వరకు అమ్మారు, తరువాత అదనపు పెట్టెతో 16,000కు పెంచారు. మూడు స్థానాల చిరునామా మాత్రం అలాగే ఉంది. అంకెలను సూచించే బిట్లకు పైన ఉన్న రెండు ‘జోన్’ బిట్లను వాడి, వందల స్థానంలో వెయ్యినీ, ఒకట్ల స్థానంలో నాలుగువేలనూ కూడే పద్ధతిని అమలు చేశారు. మెమరీ పెరిగినప్పుడు చిరునామాను సాగదీయడం అనే తంతుకు ఇది తొలి ఉదాహరణలలో ఒకటి. భారతదేశంలో 1960లలో ఎక్కువగా కనిపించిన కంప్యూటర్లలో 1401 ఒకటి. వాడిన యంత్రాలను బొంబాయిలో బాగుచేసి ఇక్కడి సంస్థలకు ఇచ్చేవారు. 1978లో ఐ.బి.ఎం. దేశం విడిచి వెళ్ళింది.

తెలుగు నేలపై కంప్యూటర్ నిర్మాణం హైదరాబాదుతో మొదలైంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు నాయకత్వంలో 1967 ఏప్రిల్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఇ.సి.ఐ.ఎల్.) ఏర్పడింది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అనే అర్థంలో టి.డి.సి. అని పేరు పెట్టిన శ్రేణిలో టి.డి.సి.-12 పన్నెండు బిట్ల యంత్రం, టి.డి.సి.-316 పదహారు బిట్ల యంత్రం. బిట్ల సంఖ్యే యంత్రం పేరులోకి ఎక్కడం ఊరకే జరగలేదు. పన్నెండు బిట్లతో 4,096 గడులను, పదహారుతో 65,536 గడులను సూచించవచ్చు. యంత్రం ఎదుగుదలకు హద్దు ఆ అంకెలోనే ఉంటుంది.

ఈ వ్యాసానికి మూలమైన ఘట్టం ఆ కాలంలోనే, అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1970లో తెచ్చిన పి.డి.పి.-11 యంత్రంలో కనిపిస్తుంది. దాని పదహారు బిట్ల చిరునామాతో రెండేసి బైట్ల పదాలను 32 కిలోల వరకు సూచించవచ్చు. అయితే టేపు, డిస్కు, టెలిటైపు వంటి పరికరాలకు కూడా మెమరీ గడులలాగే చిరునామాలు ఇచ్చారు. పై భాగంలోని 4 కిలోల పదాలు వాటికి పోయాయి. తొలి నమూనాలలో మెమరీకి మిగిలింది 28 కిలోలు. పరికరాలకు ఇచ్చిన చిరునామా మెమరీకి దక్కదన్న సూత్రం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. మూడున్నర దశాబ్దాల తరువాత 3.25 గిగాబైట్లను చూపిన తెర వెనుక ఉన్నది ఈ సూత్రమే.

ఆ యంత్ర రూపకర్తలలో ఒకరైన గోర్డన్ బెల్, విలియం స్ట్రెకర్‌తో కలిసి 1976లో రాసిన పత్రంలో, కంప్యూటర్ రూపకల్పనలో సరిదిద్దుకోవడం కష్టమైన తప్పు చిరునామాకు చాలినన్ని బిట్లు ఇవ్వకపోవడమేనని అంగీకరించారు. మరుసటి ఏడాది వారి సంస్థ తెచ్చిన 32 బిట్ల యంత్రానికి ‘వ్యాక్స్’ అని పేరు. ఆ పొట్టి పేరు విప్పితే ‘మిథ్యా చిరునామా విస్తరణ’ అని అర్థం. ఒక కొరతే పేరుగా మారిన యంత్రాలు అరుదు. 1980ల మధ్యలో ప్రభుత్వ సంస్థ సి.ఎం.సి. ఢిల్లీలో ప్రారంభించిన రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ వ్యాక్స్ యంత్రాలపైనే నడిచింది.

3. తెర తీసుకున్న వాటా

1984లో పాఠశాలలకు కంప్యూటర్ విద్యను పరిచయం చేసేందుకు కేంద్రప్రభుత్వం చేపట్టిన ‘క్లాస్’ పథకంలో బి.బి.సి. మైక్రో యంత్రాలను ఎంచుకున్నారు. 64 కిలోబైట్ల చిరునామా పరిధిలో సగం శాశ్వత ప్రోగ్రాములకు పోగా మెమరీకి మిగిలింది 32 కిలోబైట్లు. అధిక నాణ్యతగల చిత్రరీతిలో ఒక్క తెరే 20 కిలోబైట్లు తీసుకునేది. బొమ్మ బాగుండాలంటే ప్రోగ్రాము చిన్నదిగా ఉండాలి.

1981లో వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.లో ఇదే పంపకం 20 బిట్ల స్థాయిలో జరిగింది. 10,48,576 చిరునామాలలో ప్రోగ్రాములకు 640 కిలోబైట్లు, తెరకూ పరికరాలకూ బయాస్‌కూ 384 కిలోబైట్లు. ఆ 640 ఎవరికైనా చాలునని బిల్ గేట్స్ అన్నట్లు ప్రచారంలో ఉన్న మాటకు ఆధారం దొరకలేదు, ఆయన దానిని ఖండించారు కూడా. 1984లో వచ్చిన పి.సి./ఏ.టి. ప్రాసెసరు 16 మెగాబైట్ల వరకు చూడగలిగినా, పాత రీతిలోనే నడిచే డాస్ ఒక మెగాబైటు దాటి చూడలేదు. ప్రాసెసరు సామర్థ్యం ఒకటి, ఆపరేటింగ్ సిస్టమ్ చూపు మరొకటి అని వేరుపడిన తొలి సందర్భాలలో ఇదొకటి. 1985లో లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి చేసిన ఏర్పాటులో 64 కిలోబైట్ల చిన్న కిటికీ గుండా అదనపు మెమరీని ముక్కలుగా మార్చి మార్చి చూపేవారు. పెద్ద చెరువుకు చిన్న తూము పెట్టి వంతులవారీగా నీరు వదిలినట్లన్న మాట.

1990ల చివర మరో రకం చిక్కు వచ్చింది. 1998 నాటి ఇంటెల్ 440బి.ఎక్స్. చిప్‌సెట్ ఉన్న బోర్డులలో ఎక్కువ సాంద్రత గల చిప్పులతో చేసిన 256 మెగాబైట్ల కడ్డీ 128గా కనిపించేది. కడ్డీ మంచిదే, బోర్డూ మంచిదే. చిప్‌సెట్‌కు ఆ సాంద్రత తెలియదు. అదే కాలపు విండోస్ 98 మరీ విచిత్రం. 512 మెగాబైట్లకు మించి మెమరీ అమర్చితే కొన్ని యంత్రాలలో అది ‘మెమరీ చాలదు’ అని ఫిర్యాదు చేసేది. అధిక మెమరీని చూసి తన తాత్కాలిక నిల్వకు ఎక్కువ చిరునామాలు కేటాయించుకోవడం వల్ల మిగతా పనులకు చిరునామాలు కరవయ్యేవి.

4. 3.25 గిగాబైట్ల కథ

32 బిట్లతో సూచించగల గడులు 4,29,49,67,296, అంటే సరిగ్గా నాలుగు గిగాబైట్లు. ఈ పరిధి పైభాగంలో గ్రాఫిక్స్ కార్డు, నెట్‌వర్క్ కార్డు, బయాస్ వంటివాటికి చోటు కావాలి. ఆ చోటులో పడిన మెమరీ మరుగున పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు పెద్దదైతే మరుగు మరింత పెరుగుతుంది. అందుకే ఒకే మెమరీ గల రెండు యంత్రాలలో 3.25, 3.5 వంటి వేర్వేరు అంకెలు కనిపిస్తాయి.

మరుగున పడిన భాగాన్ని నాలుగు గిగాబైట్లకు పైనున్న చిరునామాలకు తరలించవచ్చు. అయితే 2005 నాటి ఇంటెల్ 945 చిప్‌సెట్‌కు నాలుగు గిగాబైట్లకు పైన చిరునామాలే లేవు. 2006 నాటి 965 చిప్‌సెట్‌కు ఉన్నాయి. కాబట్టి 945 బోర్డు ఉన్న యంత్రంలో 64 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా ఆ ముప్పావు గిగాబైటు తిరిగి రాదు. ఇది నిజమైన సాంకేతిక హద్దు.

రెండవ హద్దు అటువంటిది కాదు. 1995 నాటి పెంటియం ప్రో నుంచే ఇంటెల్ ప్రాసెసర్లు 36 బిట్ల భౌతిక చిరునామాతో 64 గిగాబైట్లను చూడగలవు. 32 బిట్ల లినక్స్ దానిని వాడుకుంది. 32 బిట్ల విండోస్ సర్వర్ 2003 ఎంటర్‌ప్రైజ్ కూర్పు కూడా వాడుకుంది. అయినా 2004లో వచ్చిన ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్ భౌతిక చిరునామాలను నాలుగు గిగాబైట్ల లోపలే నిలిపివేసింది. పెద్ద చిరునామాలను చూసి తడబడే డ్రైవర్లు మార్కెట్లో ఎక్కువగా ఉన్నాయన్నది మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణం. ఆ కారణంలో నిజం లేకపోలేదు. కానీ అదే తరం 32 బిట్ల కెర్నల్ ఖరీదైన కూర్పులో హద్దు దాటగలిగింది.

మూడవది పూర్తిగా వ్యాపార హద్దు. భారతదేశంలో 2005లో హిందీ రూపంతో వచ్చిన ఎక్స్‌పి స్టార్టర్ కూర్పుకు మెమరీ పరిమితి 512 మెగాబైట్లు. 2009 నాటి విండోస్ 7 స్టార్టర్‌కు 2 గిగాబైట్లు. భారతదేశం వంటి దేశాలకే ప్రత్యేకించిన హోమ్ బేసిక్ కూర్పు 64 బిట్లదైనా 8 గిగాబైట్లకు మించి వాడుకోదు. హోమ్ ప్రీమియమ్‌కు అది 16, ప్రొఫెషనల్‌కు 192. హోమ్ బేసిక్ ఉన్న యంత్రంలో పదహారు గిగాబైట్లు అమర్చిన కొనుగోలుదారు మొత్తానికి డబ్బు చెల్లించి, సగాన్ని వృథాగా మోశాడు. ఈ పరిమితికి చిరునామా బిట్లతో ఏ సంబంధమూ లేదు. దీనిని ‘కంప్యూటర్ గుర్తించలేదు’ అని చెప్పడం చరిత్రను తప్పుగా రాయడమే.

5. సాక్ష్యాల పరీక్ష

చరిత్ర పరిశోధకుడికి శాసనం ఒకటి, తరువాత రాసిన కైఫీయతు ఒకటి చెప్పినప్పుడు ఏది ఎప్పుడు, ఎవరు, ఎందుకు రాశారో చూడడం అలవాటు. మెమరీ విషయంలోనూ సాక్ష్యాలు మూడు. మొదటిది మెమరీ కడ్డీపై ఉండే చిన్న చిప్పు. కడ్డీ పరిమాణం, వేగం అందులో తయారీదారు రాసి ఉంచుతాడు. రెండవది బయాస్. యంత్రం మేల్కొన్నప్పుడు ఆ చిప్పును చదివి, చిరునామాల పటాన్ని తయారుచేసి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందిస్తుంది. మూడవది ఆపరేటింగ్ సిస్టమ్ తెరపై చూపే అంకె. ఇది అన్నిటికన్నా దూరపు సాక్ష్యం, అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేదీ ఇదే.

ఆ మూడవ సాక్ష్యం ఎంత మారగలదో విండోస్ విస్టా చూపింది. 2008లో మొదటి సర్వీస్ ప్యాక్ రాకముందు అది వాడుకకు అందిన మెమరీని చూపేది, వచ్చిన తరువాత అమర్చిన మెమరీని చూపసాగింది. యంత్రం మారలేదు, వాడుకకు అందేదీ మారలేదు. 3.25 స్థానంలో 4 కనబడగానే సమస్య తీరిందనుకున్నవారు లేకపోలేదు. విండోస్ 7 రెండు అంకెలనూ పక్కపక్కనే చూపింది. ఇది చిన్న మార్పే అయినా అంతకుముందు దశాబ్దాలలో కొరవడిన నిజాయితీ.

అందువల్ల పరిశీలన బయాస్ తెర నుంచి మొదలుకావాలి. అక్కడే మెమరీ తక్కువగా ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిందించి ప్రయోజనం లేదు. కడ్డీ సరిగా కూర్చోకపోవడం, బంగారుపూత అంచులకు మురికి పట్టడం, ప్రాసెసరు సాకెట్టులో పిన్ను వంగడం, చిప్‌సెట్‌కు ఆ సాంద్రత తెలియకపోవడం కారణాలు కావచ్చు. రిపేరు దుకాణాలలో పెన్సిలు రబ్బరుతో అంచులు తుడిచి, కడ్డీలను స్లాట్లు మార్చి చూసే పద్ధతి మొరటుగా కనిపించినా, మొదటి రెండు కారణాలను తేల్చడానికి అది సరైన పరీక్షే. బయాస్‌లో పూర్తిగా ఉండి విండోస్‌లో తగ్గితే చూడవలసినవి వేరు: 32 బిట్లా 64 బిట్లా, ఏ కూర్పు, బయాస్‌లో మెమరీ తరలింపు ఏర్పాటు ఆన్‌లో ఉందా, అంతర్గత గ్రాఫిక్స్ ఎంత తీసుకుంది, ఎవరైనా ఎం.ఎస్. కాన్ఫిగ్‌లో ‘గరిష్ఠ మెమరీ’ గడిని టిక్కు చేసి వదిలేశారా.

2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల కూర్పు లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. 945 కోవకు చెందిన బోర్డులు ఇంకా బీరువాలలో, వరుస చివరి బల్లలపై ఉన్న ప్రయోగశాలలకు మాత్రం పాత లెక్క పోలేదు. వాటికి మెమరీ కొనేముందు బోర్డుపై చిప్‌సెట్ పేరు చదవాలి. స్టాకు రిజిస్టరులో ‘అమర్చినది’, ‘వాడుకకు అందేది’ అని రెండు గడులు గీసి, రెండవదాని పక్కన చిప్‌సెట్ పేరూ ఆపరేటింగ్ సిస్టమ్ కూర్పూ రాస్తే, తనిఖీనాడు ఆ ముప్పావు గిగాబైటుకు ప్రయోగశాల అధ్యాపకుడు సంజాయిషీ రాయవలసిన పని ఉండదు.