నీళ్లలో తిరిగిన చక్రం, విమానంలోకి ఎక్కింది

ఈసారి ఒక చిన్న చక్రం కథ. 1790లో జర్మన్ ఇంజినీరు రైన్‌హార్డ్ వోల్ట్‌మన్ పారే నీటిలో రెక్కల చక్రం దించి, ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి వేగం కొలిచే పద్ధతి రాశాడు. అదే ఉపాయం ఇప్పుడు చిన్న విమానాల పెట్రోలు పైపులో ఉంది. పెట్రోలు పారితే బుల్లి చక్రం తిరుగుతుంది. చాలా సెన్సర్లలో రెక్క కాంతికి అడ్డొచ్చినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది, గ్యాలన్‌కి వేలల్లో. దాన్నిబట్టి గంటకు ఎంత ఖర్చవుతోందో పైలట్‌కి తెలుస్తుంది.

కానీ ట్యాంకులో ఎంతుందో ఆ చక్రానికి తెలీదు. బయల్దేరేముందు మనం కొట్టిన అంకెలోంచి తీసేస్తూ పోతుందంతే.

ఒకసారి నేను సైటులో పుల్ల ముంచి చూడకుండా జనరేటర్ డీజిల్ పాత అంకే రాసేశా. రాత్రి స్లాబు సగంలో ఉండగా జనరేటర్ ఆగిపోయింది. నేలమీద కాబట్టి తిట్లతో పోయింది. మీటరు ఎంత మంచిదైనా, ముందు మూత తీసి చూడండి.