దయ్యాల్ని నమ్మని మాంత్రికుడు

చందమామలో ఆ మాంత్రికుల సీరియళ్లు రాసినాయప్ప పేరేందో నాకు తల నెరిసినాంక గాని తెలీలే పిల్లలారా. పేరు వేస్తే కదా తెలిసేది! బొమ్మలో ఓ మూలన ‘చిత్ర’ అని సంతకం ఉండె. కథకు మాత్రం ఎవరి పేరూ ఉండేది కాదు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ... ఇన్ని కథలూ ఒగ మనిషే రాసినాడని మాకెవరికీ తోచలే.

ఆయప్ప దాసరి సుబ్రహ్మణ్యం. తెనాలి దిక్కు మనిషి. 1932లో పుట్టినాడు. 1952లో మద్రాసుకు పోయి చందమామలో చేరి, 2006 దాకా ఆ పత్రికలోనే పనిచేసినాడు. తోకచుక్క మొదలయ్యేటప్పటికి ఇరవై రెండేండ్ల పిల్లోడు!

అప్పుడు మన కోడుమూరులో వీధి వీధికీ మగ్గాల చప్పుడే. మా చిన్నాయన గుంతలో కాళ్లు పెట్టుకోని నేస్తాంటే, నేను పక్కన గడపమీద కూచోని గట్టిగా చదవాల. కండెలు చుట్టే మా చిన్నమ్మ కూడా రాట్నం మెల్లగా తిప్పుతాండె, మాట ఇనపడకపోతాదేమోనని. రాకాసిలోయలో బ్రహ్మదండి మాంత్రికుడు వచ్చే తావుకు పోయేసరికి నాడె చేతిలోనే నిలిచిపాయె. మగ్గం ఆగిపాయె. “తర్వాతేమాయె రా?” అంటాడు చిన్నాయన. తర్వాత ఏముంది, ‘ఇంకా ఉంది’ అని ఉండె! నెల్లాళ్లు ఆగల్ల. ఆ నెల్లాళ్లూ చిన్నాయన నేస్తా నేస్తానే కథ తనే అల్లుకుంటాండె, కేశవుడు ఇట్ల తప్పించుకుంటాడు, జయమల్లు అట్ల వస్తాడు అని. మళ్లా పుస్తకం వచ్చినాంక చూస్తే ఒగటీ కలిసేది కాదు. దానికే చిన్నాయనకు శానా సంతోషం.

ఇంక అసలు మాట ఇనండి. పుర్రెలు, మంత్రదండాలు, భూతాలు, పాడుబడిన కోటలు అన్నేండ్లు రాసిన సుబ్రహ్మణ్యం గారు హేతువాది. దేవుణ్నీ నమ్మలే, దయ్యాన్నీ నమ్మలే. ఆయప్ప కథల్లో పిల్లోడు ఆపదలో చిక్కుకుంటే ఆకాశం నుంచి దేవుడు దిగడు. వాని బుర్ర, వాని స్నేహితుడు, చేతిలో ఉన్న కత్తి, అంతే. మాంత్రికుడు కూడా ఒట్టి భయంకరుడు కాదు, ఆశపోతు. ఆశతోనే బోల్తాపడతాడు. చిన్నప్పుడు మాకిది తెలీలే గాని, చదివిన రాతిరి కూడా హంద్రి ఒడ్డున ఒంటరిగా నడిచేంత ధైర్యం మాకు అక్కడినుంచే వచ్చిందని ఇప్పుడు అనిపిస్తాది.

ఆ చందమామ ఆఫీసే అట్లాంటిది. పత్రిక మీద సంపాదకుడుగా చక్రపాణి పేరుండె. లోపల సంపాదకత్వమంతా చూసినాయప్ప కొడవటిగంటి కుటుంబరావు. ఆయనా హేతువాదే, మార్క్సిస్టు. శవంలోని బేతాళుడు చెప్పే పాత కథలు ఇరవై ఐదే. అవి అయిపోతే కూడా ఆపకుండా వందల కొత్త కథలు బేతాళుని నోట పలికించినారు. శవం మాట్లాడే కథల్ని ఇంటింటికీ పంచినోళ్లు శవాన్ని చూసి జంకని మనుషులు!

ఇట్లాంటోళ్లు మన దేశంలోనే కాదు. అమెరికాలో లవ్‌క్రాఫ్ట్ అని ఒగాయప్ప ఉండె. సముద్రం అడుగున నిద్రపోయే రాకాసుల గురించి రాసినాడు. ఆయప్పకూ దయ్యాలూ దేవుళ్లూ అంటే నమ్మకం లే. సముద్రపు చేపలు పళ్లెంలో పెడితే మాత్రం గిట్టేది కాదు! స్నేహితులకు వేలకు వేలు ఉత్తరాలు రాసి, పేదరికంలోనే 1937లో పోయినాడు, నలభై ఆరేండ్లకే. పేరొచ్చింది పోయినాంకనే.

మనోళ్లలో మల్లాది వెంకటకృష్ణమూర్తి ఇంకో తీరు. నవల రాసి నత్తలతో కూడా జనాల్ని భయపెట్టినాడు గాని, ఏండ్ల తరబడి తన ఫొటో మాత్రం పత్రికల్లో పడనీలే. పక్కన కూచున్నా పాఠకుడు గుర్తుపట్టలేకపోయె.

1980ల మొదట్లో యండమూరి వీరేంద్రనాథ్ వచ్చె. చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ, చేసింది ఫైనాన్స్ కార్పొరేషన్‌లో, బ్యాంకులో కొలువు. పగలంతా లెక్కలు చూసే మనిషి ఆంధ్రభూమి వారపత్రికలో తులసిదళం రాసె. చిన్నపిల్ల మీద చేతబడి. అద్దె పుస్తకాల షాపులో ఆ నవలకు ముందే చెప్పి పెట్టుకోవాల. ఆపకుండా చదివించేది, దాంట్లో అనుమానం లే. ఆనక తులసి. ఆ ఆయప్పే తర్వాత విజయానికి ఐదు మెట్లు రాసి పిల్లలకు ధైర్యం చెప్పినాడు.

గాని ఒగటి చెప్తా. రాకాసిలోయ యాడుందో ఎవరికీ తెలీదు. తులసిదళంలో భయం మన వీధిలోకే వచ్చె. ఆ రోజుల్లోనే ఒగ ఇంట్లో ఆడపిల్లకు జొరం తగ్గకపాయె. అరుగు కింద గుడ్డబొమ్మ దొరికె, దాని కడుపులో సూది. అంతే, ఆ ఎదురింట్లో ఒంటరిగా ఉండే ముసలామె మీదికి నలుగురు పోయిరి. ఆమె గుంజ పట్టుకోని వణుకుతాండె, నోట మాట లే. జొరంతో పండుకున్న పిల్లే లేచి వచ్చి, “నా బొమ్మ, నేనే కుట్టుకుంటాంటి, సూది అట్లే మరిచిపోతి” అనె. పిల్ల లేవలేకపోయింటే ఆమెను ఏం చేసుందురో! ఆమె ఆనక ఎవరింటికీ మజ్జిగకు కూడా పోలే.

రంగనాయకమ్మ ఆ నవల్ని గట్టిగా విమర్శించినప్పుడు శానామందికి కోపమొచ్చె. నాకు రాలే. నేను ఆ ముసలామె మొగం చూసినా. చేతబడి నిజమో అబద్ధమో తేల్చకుండా చదివేవానికే వదిలేస్తే కథకు రుచి వస్తాది, నేనూ ఒప్పుకుంటా. గాని చేతబడి నెపంతో మనుషుల్ని కొట్టే దేశంలో ఆ రుచికి ఎవరో ఒగరు వెల కట్టాల్సి వస్తాది. సుబ్రహ్మణ్యం గారి మాంత్రికుణ్ని చూసి మేము పక్కింటోళ్లను ఎన్నడూ అనుమానించలే.

భల్లూక మాంత్రికుడు 1978లో ముగిసె. ఆయప్ప సీరియళ్లు చందమామలో అంతటితో సరి. బొమ్మలేసిన చిత్ర కూడా ఆ ఏడే పోయె. సుబ్రహ్మణ్యం గారు మాత్రం ఆ కుర్చీలోనే ఇంకా ఇరవై ఎనిమిదేండ్లు కూచోని ఇతరుల కథలు దిద్దినాడు. 2010 జనవరిలో బెజవాడలో కన్నుమూసినాడు.

ఇప్పుడు ఆ సీరియళ్లు పుస్తకాలై వచ్చినాయి, అట్టమీద పెద్దచ్చరాల్తో ఆయప్ప పేరుతోనే. రేపు శిథిలాలయం మొదలుపెడదాం. శిఖిముఖి, విక్రమకేసరి ఇద్దరూ మంచి చెలికాండ్లు. నువ్వే చదవల్ల అబ్బీ, నాకు ఆ అచ్చు ఆనదు. గట్టిగా చదువు, మీ అవ్వకు కూడా ఇనపడల్ల.