రోడ్ల పద్దులో ఒక సినిమా

ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి, సినిమా కథకన్నా ముందు డబ్బు ఏ పద్దులోంచి వచ్చిందో చూస్తాను. ‘పథేర్ పాంచాలి’ డబ్బుల్లేక సగంలో ఆగింది. దర్శకుడు సత్యజిత్ రాయ్ ఇన్సూరెన్స్ పాలసీ, భార్య నగలు అప్పటికే తాకట్టులోకి వెళ్లాయి. పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ ఆదుకున్నాడు; సొమ్ము మాత్రం రోడ్ల అభివృద్ధి పద్దులోంచి! ఆడిటర్ మొహం ఊహించుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. 1955లో బొమ్మ విడుదలైంది.

సినిమాకు అప్పులిచ్చే సంస్థ కావాలని సినిమా రంగంపై ప్రభుత్వం వేసిన పాటిల్ కమిటీ 1951లోనే చెప్పింది. ఢిల్లీలో ఫైలు కదిలేసరికి 1960. అలా పుట్టిన ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ అప్పుతోనే మృణాల్ సేన్ 1969లో ‘భువన్ షోమ్’ తీశాడు. కథానాయకుడు చండశాసనుడైన రైల్వే ఆఫీసరు. సర్కారు డబ్బుతో సర్కారు దొరనే ఆటపట్టించాడు. ఆ అప్పును నేనైతే దండగ ఖాతాలో రాయను.