సినీనటి జమున: పని చోట ఆత్మగౌరవం

రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులు జరిపించిన వితంతు వివాహం గురించి మీరు చదివే ఉంటారు. అక్కడ స్త్రీల తరఫున గొంతెత్తినది ఒక పురుషుడు. పనిచేసే చోట తన కోసం తానే నిలబడిన స్త్రీని చూడాలంటే, చరిత్ర పుస్తకాలు సాధారణంగా తొంగిచూడని సినిమా రంగానికి వెళ్లాలి.

జమున 1936లో హంపీలో పుట్టి, గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెరిగారు. ఆమెను తెరకు పరిచయం చేసినవారు రాజమండ్రికి చెందిన వైద్యుడు, ప్రజానాట్యమండలి ప్రముఖుడు గరికపాటి రాజారావు. ఆ చిత్రం 'పుట్టిల్లు' (1953). నాలుగేళ్లకు 'వినాయక చవితి'లో సత్యభామగా ఆమె జనం మనసులో స్థిరపడిపోయారు.

1950ల చివర్లో ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇద్దరూ ఆమెతో నటించడం మానేశారు. సెట్‌కు ఆలస్యంగా వస్తారని, పెద్దల పట్ల వినయం లేదని ఆరోపణ. క్షమాపణ చెబితే సమస్య తీరుతుందన్నారు. తాను తప్పు చేయలేదంటూ ఆమె నిరాకరించారు. ఈ సంగతులు మనకు ప్రధానంగా, ఆమె తర్వాతి కాలంలో చెప్పిన మాటల ద్వారానే తెలుస్తున్నాయి. చరిత్ర విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి. అయినా ఒక విషయం స్పష్టం. పంపిణీదారులు హీరో పేరు చూసి పెట్టుబడి పెట్టే రోజుల్లో ఇద్దరు అగ్రనటులు కాదంటే కథానాయికకు దారులు దాదాపు మూసుకుపోయినట్టే. ఆమె మాత్రం ఇతర నటుల సరసన, ఇతర భాషల్లో నటిస్తూ సుమారు మూడేళ్లు నెట్టుకొచ్చారు. సత్యభామ అభిమానం తెర మీద మనకు ముచ్చటే. అదే అభిమానం మేకప్ తీసేశాక పొగరు అనిపించుకుంది!

విజయా సంస్థ అధిపతులు నాగిరెడ్డి, చక్రపాణి రాజీ కుదిర్చారు. ఫలితం 'గుండమ్మ కథ' (1962). ఇక్కడ కాస్త ఆగి చూడండి. అందులో ఆమె పాత్ర సరోజ, గుండమ్మ గారాల కూతురు. నాగేశ్వరరావు పాత్ర ఆమెను పెళ్లాడి, పేదవాడిగా నటించి, కాయకష్టం చేయించి గర్వం అణుస్తాడు. తల వంచని నటి తిరిగి వచ్చింది తల వంచే పాత్రతో! ఇది కావాలని చేశారని నేననను. కానీ ఆనాటి ప్రేక్షకులకు ఏ స్త్రీ నచ్చేదో ఆ కథ చెబుతుంది. సినిమా గొప్పదే, నేటికీ నవ్వుతూ చూస్తాం. అందుకే దాన్ని సాక్ష్యంగా చదవడం కష్టం.

'మూగ మనసులు' (1964) ఆమెను గోదావరి మనిషిని చేసింది. అందులోని గౌరి పడవల రేవులో మనకు ఎదురయ్యే పిల్లలాగే ఉంటుంది. హిందీలో 'మిలన్'గా తీసినప్పుడు అదే పాత్రకు ఆమెకు ఫిల్మ్‌ఫేర్ బహుమతి లభించింది.

1989లో జమున కాంగ్రెస్ అభ్యర్థిగా రాజమండ్రి నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అదే ఏడాది శాసనసభ ఎన్నికల్లో రామారావు నాయకత్వంలోని తెలుగుదేశం అధికారం కోల్పోయింది. ఆమె గెలుపులో గౌరి వాటా ఎంత, పార్టీ గాలి వాటా ఎంత అన్నది మీరు చర్చించదగ్గ ప్రశ్న. గాలి వాటా ఎక్కువేనని నా అభిప్రాయం, ఎందుకంటే 1991లో అదే స్థానంలో ఆమె ఓడిపోయారు.

2023 జనవరి 27న జమున హైదరాబాదులో కన్నుమూశారు. చట్టసభల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలు కేటాయించే రాజ్యాంగ సవరణను పార్లమెంటు ఆమోదించింది ఆ ఏడాది సెప్టెంబరులోనే. వీలుంటే ఈ పాఠం తర్వాత 'గుండమ్మ కథ' మరొకసారి చూడండి. సరోజ కష్టాల సన్నివేశాల్లో మీ పక్కవారు ఎక్కడ నవ్వుతున్నారో రాసుకోండి.