నేర్చిన విద్య పల్లెకు చేరిన తీరు

విదేశంలో నేర్చిన వైద్యవిద్య మన పల్లెకు ఏ విధంగా చేరుతుందో మీరెన్నడైనా ఆలోచించారా?

గుంటూరు వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1974లో అమెరికా వెళ్ళి, నేత్రవైద్యంలో ఉన్నత శిక్షణ పొంది, రోచెస్టర్‌లో అధ్యాపకులైనారు. స్వదేశానికి తిరిగివచ్చి, 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థను నెలకొల్పారు. ఆ సంస్థ వైద్యులతో పాటు పల్లె యువతకూ శిక్షణ నిచ్చింది. సుమారు 50,000 జనాభాకు ఒకటి చొప్పున దృష్టి కేంద్రాలు నడుపుతూ, వారు శుక్లాలను గుర్తించి శస్త్రచికిత్సకు పంపుతారు. 2017 నుండి ఆఫ్రికాలోని లైబీరియాకు సైతం ఆ సంస్థ నేత్రవైద్యంలో చేయూత నిస్తున్నది.

వైద్యునికి విదేశీ పట్టా కంటె, అతడు తీర్చిదిద్దిన శిష్యులే శాశ్వత సంపద. అనంతసాగరం వంటి ఊళ్ళలో వృద్ధుల చూపును నిలిపేది, చేరువలో ఉన్న శిక్షితుడే. మీ ఇంటి పెద్దల కళ్ళను ఏటేటా పరీక్ష చేయించండి.