పాయింట్ 22 రైఫిలు – ఒక అక్షరం కథ

ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు కాకుండా వేరే ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. బదిలీలు, ఇంక్రిమెంట్లు తప్ప నాకేం తెలుసండీ అని తప్పుకోబోయాను. సరిగ్గా ఆ వారమే మా అల్లుడు ఒక ప్రశ్న తెచ్చి నా ముందు పెట్టాడు.

హైదరాబాదులో చదువుతున్న మా మనవరాలికి పద్నాలుగేళ్లు. ఏడాదిగా ఒక క్లబ్బులో గాలి తుపాకితో గురి చూడటం నేర్చుకుంటోంది. ఇక పాయింట్ 22 రైఫిలు మొదలుపెట్టవచ్చన్నారట. "మామయ్యగారూ, మంచి జర్మనీ రైఫిలు ఒకటి అమ్మకానికి వచ్చింది. మీ డిపాజిట్ ఒకటి తీస్తే కొనేద్దాం. మీరూ ఎన్.సి.సి.లో కాల్చారు కదా, ఏమంటారు?" అన్నాడు. కాల్చిన మాట నిజమే. ఎలా కాల్చానో మాత్రం అరవై ఏళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ముందు ఆ తుపాకి పుట్టుక చెబుతాను. పాయింట్ 22 అంటే గొట్టం లోపలి కొలత అంగుళంలో 22 వంతులు, అంటే నూటికి ఇరవై రెండు పాళ్లు. మన లెక్కలో సుమారు 5.6 మిల్లీమీటర్లు. 1845 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫ్లోబేర్ అనే ఆయన పెద్దమనుషులు ఇంటి హాల్లోనే సరదాగా కాల్చుకోవడానికి చిన్న తూటా తయారుచేశాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ వారు దాన్ని రివాల్వరుకు అనువుగా మలిచారు. ఈనాటికీ వాడుకలో ఉన్న 'లాంగ్ రైఫిల్' తూటా 1887లో స్టీవెన్స్ కంపెనీ తెచ్చింది. దాని గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. సైన్యం వాడిన పాయింట్ 303 గుండు 174 గ్రెయిన్లు. నాలుగో వంతు కూడా లేదన్నమాట. భుజానికి తన్ను లేదు, చెవికి మోత తక్కువ, తూటా చవక.

వేడుకగా పుట్టిన ఈ తుపాకి బడిపంతులుగా మారింది బోయర్ యుద్ధంతో. 1899 నుంచి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన ఆ యుద్ధంలో వ్యవసాయదారులైన బోయర్లు దూరం నుంచి గురి తప్పకుండా కొడుతుంటే బ్రిటిషు సైనికులు తట్టుకోలేకపోయారు. మన కుర్రాళ్లకు గురి రాదన్న బెంగ ఇంగ్లండులో పట్టుకుంది. లార్డ్ రాబర్ట్స్ ఊరూరా తిరిగి చెప్పాడు. ఫ్యాక్టరీ పనివాళ్ల కోసం చిన్న రైఫిలు క్లబ్బులు వెలిశాయి. సాయంత్రం పని దిగాక ఏ హాల్లోనో పాతిక గజాల దూరంలో అట్ట కట్టి కాల్చేవారు. బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ. వారు అలాంటివారి కోసమే చిన్న రైఫిళ్లు చేశారు. అవి ఒక్కొక్క తూటా చేత్తో పెట్టి కాల్చేవి. గురి నేర్చుకునేవాడికి రెండో తూటా తొందరగా అందకూడదు. మొదటిది ఎందుకు తప్పిందో ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి.

ఇక మన దేశం సంగతి. 1878 ఆయుధాల చట్టం కింద భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. తుపాకి పట్టడం మన సామాన్యులకు అలవాటు కాకపోవడానికి అదొక కారణం. స్వాతంత్ర్యం ముంగిట 1946లో పండిట్ హృదయనాథ్ కుంజ్రూ అధ్యక్షతన కమిటీ వేశారు. దాని సిఫార్సుల మీద 1948లో ఎన్.సి.సి. ఏర్పడింది. మరుసటి ఏడే బాలికల విభాగం వచ్చింది. 1962 చైనా యుద్ధం తర్వాత, 1963లో, కాలేజీ కుర్రాళ్లకు ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. 1968లో మళ్లీ ఐచ్ఛికం చేశారు. ఆ ఐదేళ్ల మధ్యలో పడ్డవాణ్ణి నేను. పరేడ్ అయ్యాక పెట్టే పూరీ కూర కోసం వచ్చేవాళ్లు మాలో సగంమంది అని చెప్పడానికి ఇప్పుడు మొహమాటం ఎందుకు?

1964లో గుంటూరు జిల్లాలో బి.ఎ. మొదటి సంవత్సరం. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. తెల్లవారుజామున లారీలో ఫైరింగ్ రేంజికి తీసుకువెళ్లారు. మాకిచ్చినవి పాత పాయింట్ 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లే, గొట్టం మాత్రం పాయింట్ 22కి మార్చినవి. కాల్చిన ఖాళీ గొట్టాలు కింది మ్యాగజైను డబ్బాలో పడేవి. బరువు ఎనిమిదిన్నర పౌండ్ల పైమాటే. మనిషికి ఐదు తూటాలు. పడుకుని, పాతిక గజాల దూరం.

నా భుజానికి ఆ బట్టు ఆనలేదు. ఆనిస్తే వేలు ట్రిగ్గర్‌కు అందలేదు. వేలు అందేలా ముందుకు జరిగితే మెడ సాగి, కన్ను వెనక సూటికి దూరమైంది. ఒకటి అట్ట అంచుకు తగిలింది. మిగిలిన నాలుగూ మట్టికట్టలోకి పోయాయి. మా ఉస్తాద్ అట్ట పైకెత్తి అందరికీ చూపించి, "నీకు కలమే చాలు బాబూ" అన్నాడు. లారీలో తిరిగి వచ్చేదాకా నవ్వులే. ఆ తర్వాత ఫైరింగ్ రోజున నాకు జ్వరం వచ్చేది. 1968లో తంతి తపాలా శాఖలో టైం స్కేల్ గుమస్తాగా చేరి, 2007లో రిటైరయ్యేదాకా కలమే పట్టాను.

అల్లుడికి జవాబు చెప్పే ముందు క్లబ్బుకు వెళ్లి చూశాను. అక్కడి శిక్షకుడు సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చినవారు. మాటల్లో నా ఐదు తూటాల కథ చెప్పాను. ఆయన నవ్వలేదు. "సార్, ఆ బట్టు మీద ఏదైనా అక్షరం చూశారా?" అని అడిగారు. చూశాను. కర్ర పైభాగాన ఎల్ అని ముద్ర ఉండేది. ఏదో స్టోర్సు గుర్తు అనుకున్నాను. లీ ఎన్‌ఫీల్డ్‌కు బట్టు కర్రలు నాలుగు కొలతల్లో చేసేవారట. చేతులు పొట్టివారికి బాంటమ్, తర్వాత షార్ట్, నార్మల్, లాంగ్. ఒక్కోదానికీ అర అంగుళం తేడా. గుర్తులు వరుసగా బి, ఎస్, ఎన్, ఎల్. మన శాఖ మిత్రులు ఇక్కడ ఒక్క నిమిషం నవ్వుకోవచ్చు, నేనూ నవ్వాను. తర్వాత మాత్రం నవ్వు రాలేదు. అందరిలోకీ పొట్టివాడైన నా చేతికి ఆ రోజు పొడుగైన బట్టు వచ్చింది. వరుసలో నిలబడ్డ ప్రకారం అందించారు, అంతే. నాకు గురి రాదని నేను అరవై ఏళ్లు నమ్మాను.

ఆయన కొలిచే పద్ధతి చూపించారు. తూటా లేదని తెరిచి చూసుకున్న రైఫిలు వెనక భాగాన్ని మోచేతి మడతలో ఆనిస్తే, చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు హాయిగా అందాలి. ఇది ఉజ్జాయింపు మాత్రమే, అసలు పరీక్ష పడుకున్నప్పుడు. మెడ సాగకుండా చెంప కర్రకు ఆని, కన్ను సూటి వెనక దానంతటదే నిలవాలి. రెండు కళ్లలో ఏది ముఖ్యమో కూడా చూసుకోవాలి. చేయి చాచి దూరాన ఒక వస్తువుకు బొటనవేలు అడ్డం పెట్టి ఒక్కో కన్ను మూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు వేలు కదలకుండా ఉంటుందో అదే గురి కన్ను.

అమ్మకానికి వచ్చిన జర్మనీ రైఫిలు మంచిదే. 1856లో మొదలైన ఆన్షూట్జ్ కంపెనీ సరుకు. కానీ పెద్దవాళ్ల పోటీకి చేసినది, బరువు ఐదు కిలోలు దాటింది. పిల్ల నిలబడి ఎత్తితే నడుము వెనక్కి విల్లులా వంగింది. ముద్దొచ్చి "బాగుంది తాతయ్యా" అంటుంది గానీ, నడుము అబద్ధం చెప్పదు కదా.

లైసెన్సు సంగతి కూడా అల్లుడు ఆలోచించలేదు. చిన్న తూటా అని చట్టం ఊరుకోదు. మైలు పైన పోయే గుండు అది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం పాయింట్ 22 రైఫిలుకు లైసెన్సు తప్పనిసరి. 21 ఏళ్లు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. శిక్షణలో, పెద్దల పర్యవేక్షణలో కాల్చడానికి మాత్రం వెసులుబాటు ఉంది. పిల్ల ఇన్నాళ్లూ నేర్చుకున్న 10 మీటర్ల గాలి తుపాకి వేరు. పాయింట్ 177 కొలతలో, 20 జౌళ్ల శక్తి దాటనిదానికి 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అభినవ్ బింద్రా 2008లో బంగారం గెలిచినది, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో కాంస్యం తెచ్చినది ఆ గాలి తుపాకితోనే. పాయింట్ 22 రైఫిలుతో ఒలింపిక్ పతకం మనకు 2024లో, పారిస్‌లో, 50 మీటర్ల మూడు భంగిమల పోటీలో వచ్చింది. తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టికెట్ తనిఖీ ఉద్యోగి. ఉద్యోగస్థులకు గురి రాదని ఇక ఎవరూ అనలేరు!

క్లబ్బులో ఒక పాత రైఫిలు ఉంది. తేలికది, ఒక్కొక్క తూటా పెట్టి కాల్చేది, సూటి సన్నని రంధ్రంతో ఉన్నది. బట్టు చివర మూడు చెక్క బిళ్లలు బిగించి ఉన్నాయి. సుబేదారుగారు రెండు తీసేశారు. పిల్ల చాప మీద పడుకుంది. చెంప ఆనింది, మెడ సాగలేదు. ఐదు తూటాలు. ఒకటి పక్కకు పోయింది. నాలుగు రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి.

ఈ ఏడాదికి ఇదే చాలని, డిపాజిట్ కదిలించవద్దని అల్లుడికి ఆ సాయంత్రమే ఫోను చేశాను. అంతకుముందు, పిల్ల సామాను సర్దుకుంటుండగా, సుబేదారుగారిని అడిగి ఆ ఖాళీ రైఫిలును ఒకసారి చేతిలోకి తీసుకున్నాను. మోచేతి మడతలో ఆనించి చూశాను. రెండు బిళ్లలు తీసిన ఆ బట్టుతో నా వేలు కూడా ట్రిగ్గర్‌కు అందింది.