తాళపుచెవి ఎవరి చేతిలో?

ఉదయమున చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమునకు పోయి చూచినచో, అశోక్‌నగరులో అద్దెగదులు తీసికొని ఉద్యోగపరీక్షలకు చదువుకొను యువతీయువకులు బల్లలయొద్ద నిండి కనబడుదురు. అచట కూర్చుండి చదువుట కందరును అర్హులే. పుస్తకము ఇంటికి కొనిపోవలెనన్న సభ్యత్వము కావలెను. పుస్తకముల పట్టికను దిద్దు పని గ్రంథపాలకునిది. ఒక్క కప్పు క్రిందనే మూడు మెట్లు!

ఈ మెట్లు నేటివి కావు. మధ్యయుగమున ఐరోపాలో గ్రంథములను గొలుసులతో బల్లలకు బంధించెడివారు. మన దేశమున రంగనాథన్‌గారు 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రములలో, పుస్తకము దాచుటకు గాక వాడుటకే యన్న భావమునకు ప్రథమస్థానము నిచ్చిరి. అంతకు ముప్పది యేండ్లకు పూర్వమే, 1901 సెప్టెంబరు 1న, నారాయణగూడకు అనతిదూరమున, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసి, హైదరాబాదున తెలుగు పుస్తకమును తెలుగు పాఠకునకు చేరువ చేసినది.

ఆ నిలయస్థాపనలో పాల్గొన్న కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారే తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. 1923లో వారు కన్నుమూయునాటికి ఆ గ్రంథము అకారమును దాటలేదు. కాశీనాథుని నాగేశ్వరరావుగారు దానిని మరల చేపట్టవలసివచ్చినది. ఒక్క మహనీయుని భుజములపై నిలిచిన పని ఆయనతోనే ఆగిపోవు ప్రమాద మెప్పుడును కలదు.

2003లో అంతర్జాలమున మొదలైన తెలుగు వికీపీడియా మరియొక దారి త్రొక్కినది. అందు ఎవరైనను చదువవచ్చును. చాలవరకు ఎవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. పుటను తొలగించుటకు, అల్లరిమూకలనుండి కాపాడుటకు, దుర్వినియోగము చేయువారిని నిరోధించుటకు నిర్వాహకులు కలరు. తోడి రచయితలు చర్చించి సమ్మతించిన పిమ్మటనే వారి కా హక్కు లభించును. ఆ హక్కు నిచ్చువారిని అధికారులందురు. అయినను, ఒక విషయము నిజమా కాదా యన్న వాదమున నిర్వాహకుని మాటకు ప్రత్యేకమైన బరువు లేదు. ఆధారము చూపినవానిదే గెలుపు. ఎవరేమి మార్చిరో ప్రతి పుటకును గల చరిత్రలో నిలిచియుండును. దానిని పాఠకుడు సైతము తెరచి చూడవచ్చును.

నేడు మన యిండ్లలోని విద్యార్థులును పరిశోధనపత్రములను ఉమ్మడిగా అంతర్జాలమున దాచుకొనుచున్నారు. ఒకరికి చదువు హక్కు, ఒకరికి వ్యాఖ్య వ్రాయు హక్కు, ఒకరికి దిద్దు హక్కు, ఒకరికి యాజమాన్యము. అందరికిని అన్నియు నిచ్చినచో, ఒక్కని పొరపాటున నెలల శ్రమ చెదరిపోవచ్చును. అన్నియు నొక్కనికే యిచ్చినచో, అతడు చదువు ముగించి వెడలిననాడు మిగిలినవారు తలుపు వెలుపల నిలువవలసివచ్చును.

కనుక మెట్లుండుట తప్పు కాదు. మెట్టు హోదాకు గాక బాధ్యతకు గుర్తు కావలెను. చేసిన మార్పు అందరికిని కనబడవలెను. తాళపుచెవి కనీస మిద్దరియొద్ద నుండవలెను. కొమఱ్ఱాజువారి అసంపూర్ణ సర్వస్వము మనకు నేర్పుచున్న పాఠ మిదియే.